వారం వంతు స్కూటరు

గోస్పాడు పుల్లయ్య స్కూటరుకు ఎండాకాలమంతా ఏ జబ్బూ ఉండేది కాదు. ఒక్క కిక్కుకే లేచి, మారు మాట్లాడకుండా నంద్యాల దాకా పోయేది. చలి మొదలైందంటే మాత్రం దానికి ఎక్కడలేని బద్ధకం పుట్టుకొచ్చేది. తెల్లవారుజాము మంచు ఇంకా చేలమీద ఉండగానే పుల్లయ్య పంచె ఎగగట్టి దానితో కుస్తీకి దిగేవాడు. చోకు లాగేవాడు. ఇంజను ఉన్న వైపుకు వాల్చి, కాసేపు అట్లాగే పట్టుకుని, మళ్ళీ నిలబెట్టేవాడు. కాలు పీకేదాకా కిక్కు కొట్టేవాడు. ఆఖరికి ప్లగ్గు ఊడదీసి తెచ్చి, గరుకు కాగితంతో రుద్ది, పొయ్యి పక్కన వెచ్చబెట్టేవాడు. భార్య నాగేశ్వరమ్మ పొంగే పాల మీద ఒక కన్ను, పాలల్లో పడుతుందేమోనని ఆ మసి ప్లగ్గు మీద ఇంకో కన్ను వేసి కూర్చునేది.

వెచ్చటి ప్లగ్గు బిగించి కొడితే బండి రెండు మూడుసార్లు తుమ్మి, బాలింత గదిలో సాంబ్రాణి వేసినట్టు సందంతా పొగ నింపి, అప్పుడు లేచేది. సరే గదా అని నంద్యాలలో మెకానిక్కు యాకోబు దగ్గరికి తీసుకుపోతే, అక్కడికి చేరేసరికి ఇంజను వేడెక్కి ఉండేది. యాకోబు కాలు పెట్టీ పెట్టకముందే స్టార్టయి, పుల్లయ్యను అబద్ధాలకోరును చేసేది. యాకోబు అటూ ఇటూ చూసి, చలికి మనుషులే లేవడం లేదు, ఇనుముదేముంది అని పంపించేవాడు.

ఇందులో ఒక వింత ఉంది. ఈ రోగమంతా సోమవారం, మంగళవారమే. వారం సగం గడిచేసరికి తగ్గుముఖం పట్టేది, శనివారానికి బండి బుద్ధిగా లేచేది. అందుకని పుల్లయ్యకు ఒక గట్టి నమ్మకం ఏర్పడిపోయింది. రోగం తన దగ్గర పుట్టింది కాదు. తమ్ముడి ఇంటినుంచి వచ్చింది.

స్కూటరు ఆయన ఒక్కడిదీ కాదు మరి. రెండేళ్ళ కిందట పుల్లయ్య, తమ్ముడు గురుస్వామి వేరుపడ్డారు. చేలు, ఎద్దులు, ఇత్తడి బిందెలు అన్నీ పంచుకున్నారు. ఇంటి నడుమ గోడ లేచింది. పశువుల కొట్టం ఒక్కటే ఉమ్మడిగా మిగిలింది. అంతా అయిపోయాక, కలిసున్న రోజుల్లో ఎప్పుడో బుక్ చేసిన స్కూటరు వచ్చింది. అప్పట్లో స్కూటరు కావాలంటే ముందుగా దుడ్లు కట్టి ఏళ్ళతరబడి కాచుకోవాలి. వచ్చినదాన్ని కోసి పంచలేరు గనక, ఊరి పెద్దమనిషి సుబ్బయ్య బావి నీళ్ళకు పెట్టినట్టే దీనికీ వారం వంతు పెట్టాడు. వంతు అయిపోయినవాడు ఆదివారం సాయంత్రం ట్యాంకు నింపి, అందులో ఆయిలు కలిపి, బండిని కొట్టంలో పెట్టి, తాళంచెవి గోడ గూట్లో ఉంచాలి. ఈ రకం బండికి పెట్రోలులోనే కొలతగా ఆయిలు కలపాలి. కలపడం మరిచిపోతే ఇంజను పట్టేసి బండి మూలనపడుతుంది.

వేరుపడ్డందుకు పుల్లయ్యకు బాధ లేదు. ఎవరు వేరుపడరు? ఆయన మనసులో ముల్లు వేరే ఉంది. భాగాలనాడు కాలువ కింది చేను గొలుసు పట్టి కొలిపించింది పుల్లయ్యే. అంతా ఒప్పుకుని లేవబోతుంటే గురుస్వామి పదిమంది ముందరా నిలబడి, మళ్ళీ కొలవాలన్నాడు. కొలిచారు. అంతే వచ్చింది. ఆ పూటనుంచి పుల్లయ్య తమ్ముడితో మాట మానేశాడు. తను ఎత్తుకుని తిప్పినవాడు, తన పక్కన పడుకుని కతలు విన్నవాడు, తన మీద అనుమానపడ్డాడు. దాన్ని ఆయన మింగలేకపోయాడు.

మాట మానేశాడేగాని మనిషిని మానలేకపోయాడు. తమ్ముడి వంతు ముగిసే ఆదివారం వచ్చిందంటే ఎద్దులకు మేత వేసే నెపంతో కొట్టంలో చేరేవాడు. గురుస్వామి వచ్చి, బండి నిలిపి, గూట్లో తాళంచెవి పెట్టి పోయేవాడు. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. అయినా తమ్ముడు చిక్కాడా, దగ్గుతున్నాడా అన్నది పుల్లయ్యకు తెలిసిపోయేది. ఆ కాస్త చూపుకోసం వారమంతా ఎదురుచూసేవాడని నాగేశ్వరమ్మకు తెలుసు. ఆయన ఒప్పుకునేవాడు కాదు, అది వేరే సంగతి.

ఆ చలికాలం రెండిళ్ళ ఫిర్యాదులూ సుబ్బయ్య అరుగు ఎక్కాయి. తమ్ముడు బండిని పాడుచేసి ఇస్తున్నాడని పుల్లయ్య చెప్పిపంపాడు. విచిత్రమేమిటంటే గురుస్వామి కూడా అదే చెప్పిపంపాడు: అన్న దగ్గరినుంచి వచ్చిన రెండు రోజులూ బండి లేవదు, తర్వాత తన చేతిలో బాగుపడుతుంది అని. సుబ్బయ్యకు విసుగొచ్చి, అమ్మి చెరిసగం తీసుకోండి, పీడ వదులుతుందన్నాడు. ఆళ్లగడ్డలో దేవసహాయం అనే బడి అయ్యవారు కొంటానన్నాడు. తర్వాత పేచీ రాకుండా అన్నదమ్ములిద్దరూ కలిసొచ్చి తన ముందర సంతకాలు చేయాలని ఆయన షరతు.

పుల్లయ్య సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. బండి పోతే ఇక గూట్లో తాళంచెవి పెట్టడానికి ఎవడు వస్తాడు? ఆ మాట పెళ్ళాంతో కూడా అనలేక చెయ్యి కడుక్కున్నాడు.

సోమవారం పొద్దున ప్రయాణం. ముందురోజే వంతు మారి బండి పుల్లయ్య చేతికొచ్చింది. ఎప్పటిలాగే మొరాయించింది. చోకు, వాల్చడం, కిక్కులు, అన్నీ అయ్యాయి. చివరికి పుల్లయ్య ఎక్కి కూర్చుంటే గురుస్వామి మాట్లాడకుండా వెనక చేయి వేసి తోశాడు. వీధి మలుపు దాకా తోశాక తుమ్మి లేచింది. గురుస్వామి పరిగెత్తి వెనక ఎక్కాడు. గోడ లేచాక ఆ ఇద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు. తమ్ముడు తన భుజం పట్టుకోకుండా సీటు అంచు పట్టుకున్నాడని పుల్లయ్య గమనించాడు. గతుకుల్లో పడతాడేమోనని మెల్లగా తోలాడు.

నంద్యాల దాటి, శిరివెళ్ళ దగ్గరికి వచ్చాక బండి రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. రోడ్డుకు అటూ ఇటూ జొన్నచేలు, చల్లగాలి. ఇద్దరూ దిగారు. గురుస్వామి సామాను సంచి విప్పి ప్లగ్గు ఊడదీశాడు. అది తారులో ముంచి తీసినట్టుంది. వేలితో తుడిచి వాసన చూశాడు. ట్యాంకు మూత తీసి, ఒక పుల్ల ముంచి తీసి, దాన్ని వేళ్ళ మధ్య రుద్దాడు. పెట్రోలు ఆరిపోయినా వేళ్ళ మీద జిడ్డు మందంగా మిగిలింది. కాసేపు అట్లాగే వేళ్ళ వంక చూస్తూ నిలబడి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి అన్న మొహం చూశాడు.

"నేను ఆయిలు కలిపే ఇచ్చినా గదా. నువ్వు మళ్ళా పోసినావా?"

పుల్లయ్య చూపు ట్యాంకు మీదికి పోయింది. పోశాడు. నిన్న రాత్రే కాదు, బండి తమ్ముడి దగ్గరినుంచి వచ్చిన ప్రతి ఆదివారమూ పోశాడు. వాడు కలిపాడో లేదో, దుడ్లు మిగుల్చుకున్నాడేమో, ఇంజను పట్టేస్తే నష్టం ఇద్దరిదీ అనుకుంటూ, ట్యాంకు మూతకుండే కొలత గిన్నెతో ఒక కొలత పోసి పడుకునేవాడు. దాన్ని ఆయన అనుమానం అనుకోలేదు. జాగ్రత్త అనుకున్నాడు.

"పోసినా" అన్నాడు.

గురుస్వామి రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. తిడతాడనుకున్నాడు పుల్లయ్య. వాడు తిట్టలేదు, తల దించుకున్నాడు.

"నీ కాడినుంచి వచ్చినప్పుడల్లా నేనూ అదే పని చేస్తాండాను, అన్నా. నువ్వు పోసుంటావో ల్యాదో అని."

ఇంకేముంది, అంతా తేటతెల్లమైంది. ఇచ్చేవాడు ఒక కొలత, తీసుకునేవాడు ఒక కొలత. ఎండల్లో ఆ జిడ్డు ఎట్లాగో కాలిపోయేది. చలికి చిక్కబడి ప్లగ్గును ముంచేసేది. వారం మధ్యలో కొత్త పెట్రోలు పడ్డాక పలచబడి బండి బాగుపడేది. దానికే జబ్బూ లేదు. ఇంకెవరికైనా ఇది నవ్వుకోవాల్సిన సంగతే. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

పుల్లయ్య వచ్చి తమ్ముడి పక్కన ఇంకో రాయి మీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ మోసిన కోపం కోసం లోపల వెతుక్కున్నాడు. అది ఉండాల్సిన చోట సిగ్గు ఉంది. చేను మళ్ళీ కొలవాలన్న మాటను ఆయన రెండేళ్ళు పుండులా దాచుకున్నాడు. అలా దాచుకున్న రోజుల్లోనే చీకటిపడ్డాక కొట్టంలోకి పోయి ఏం చేస్తున్నాడో ఎన్నడూ తనను తాను అడగలేదు.

"ఆ పొద్దు నాకు అనుమానమొచ్చింది నిజమే" అన్నాడు గురుస్వామి. "కొలిచినంక సిగ్గైంది. వచ్చి చెప్పాలనుకుంటి. నువ్వు మొగం తిప్పుకుంటాంటివి."

పత్తి బండ్లు రెండు వాళ్ళను దాటిపోయాయి.

"నువ్వు ఒక్కసారి కొలిపిచ్చినావురా" అన్నాడు చివరికి. "అదీ పదిమంది ముందర, నా మొగం చూసి అడిగినావు. నేను వంతు వంతుకూ కొలిచినా. నీకు తెలీకుండా."

ఆ మాట అనేసరికి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. గురుస్వామి ప్లగ్గు శుభ్రంగా రుద్ది, అగ్గిపుల్లలు గీసి వెచ్చజేసి, బిగించాడు. బండి లేచింది. ఈసారి వెనక కూర్చున్నవాడు భుజం మీద చెయ్యి వేశాడు.

ఆళ్లగడ్డలో దేవసహాయం అయ్యవారు ఉతికిన చొక్కా తొడుక్కుని, ఇద్దరు సాక్షులను కూడా పిలిపించుకుని వాకిట్లో కూర్చున్నాడు. పుల్లయ్య నిలబడే, బండి అమ్మడం లేదని చెప్పాడు. అయ్యవారికి కోపమొచ్చింది, రాదా మరి? పొద్దంతా పాడైందని, మాట మీద నిలబడాలని నాలుగు మాటలన్నాడు. అన్నదమ్ములిద్దరూ తల వంచుకుని పడ్డారు. ఆయన భార్య రూతమ్మ మాత్రం, ఇంత దూరమొచ్చిన మనుషులని మంచినీళ్ళిచ్చి, అడిగితే ఖాళీ కిరసనాయిలు డబ్బా కూడా ఇచ్చింది. ట్యాంకులో ఉన్న జిడ్డు పెట్రోలంతా ఆ డబ్బాలోకి దించుకున్నారు.

బండిని బంకు దాకా తోసుకుపోయారు. గురుస్వామి కొత్త పెట్రోలు పట్టించి, ఆయిలు డబ్బా మూత తిప్పి, డబ్బానూ కొలత గిన్నెనూ అన్న చేతికి అందించాడు.

"నువ్వే పొయ్యన్నా. నీ వంతు గదా."

పుల్లయ్య తీసుకోలేదు. "నువ్వు పొయ్" అన్నాడు.

అని ఊరుకోలేదు. పక్కకు తిరిగి నాలుగడుగులు నడిచి, బంకు ముందర నిలబడి, నంద్యాల వైపు పోయే బస్సును చూస్తూ ఉండిపోయాడు. వెనక గిన్నె ట్యాంకు అంచుకు తగిలిన చప్పుడైంది, మూత బిగించిన చప్పుడైంది. ఎంత పోశావని ఆయన అడగలేదు.