తిరిగొచ్చిన పెట్టె

మందపాటి చేతితొడుగులు వేసుకుని, పొగలు కక్కుతున్న డ్రై ఐసును అతను థర్మోకోల్ పెట్టెలోకి ఎత్తిపోస్తున్నాడు. వేళ్ళ కొనలు ఏనాడో తెల్లబడి మొద్దుబారాయి. ఆసుపత్రిలో అందరికీ అతను ఐసు బాబాయి. రోగుల రక్తం నింపిన గొట్టాలను చెడిపోకుండా సర్ది, విమానానికి పంపడం అతని పని. సముద్రాల అవతల ఎవరో ఆ రక్తంలోని క్రిమి జన్యువులను చదివి, అది పాత రకమో, మందుకు లొంగని కొత్త రకమో చెబుతారు. ఆ కబురు వచ్చేసరికి ఇక్కడ జరగాల్సింది జరిగిపోతుంది.

చదివే యంత్రం ఇక్కడా ఉంది. ఎవరో దానమిచ్చారు. దానికి కావలసిన రసాయనాలు మాత్రం ఓడరేవులోనే చిక్కుకుని గడువు దాటిపోతుంటాయి. దాన్ని నడపడం నేర్చుకొచ్చిన టెక్నీషియనమ్మాయి రోజూ దాని దుమ్ము తుడిచేది.

"పొలిమేర దాటని మనిషివి. నీ పెట్టెలు మాత్రం విమానాలెక్కుతాయి బాబాయ్!" అని నవ్వేది.

ఇప్పుడామె పై అంతస్తులో, జ్వరాల వార్డులో ఉంది. ఇవాళ్టి పెట్టెలో ఆమె రక్తపు గొట్టం కూడా ఉంది. దాన్ని నడిమధ్యన పెట్టి, చుట్టూ ఇంకాస్త ఐసు పోశాడు.

జ్వరం పాకినప్పటి నుంచి గేట్లకు తాళాలు. లోపలివాళ్ళు బయటికి పోకూడదు. కిటికీ లేని సామాన్ల గదిలో, అట్టపెట్టెల నడుమ అతని పడక. భార్య ఫోన్ చేసి, "ఎప్పుడొస్తావయ్యా?" అంటుంది. "తాళం తీశాక" అంటాడు.

గేటు దగ్గర బల్ల మీద పెట్టె ఉంచి వెనక్కి జరిగాడు. డ్రైవరు దాన్ని తీసుకెళ్ళాడు. మధ్యాహ్నానికి దానితోనే తిరిగొచ్చాడు.

"ఈ ఊరి పెట్టె అనగానే విమానం వాళ్ళు దణ్ణం పెట్టేశారు బాబాయ్. ఎంత బతిమాలినా ఎక్కించుకోలేదు."

బాబాయి పెట్టెను గుండెకు ఆనించుకుని లోపలికి తెచ్చాడు. మూత తీస్తే, ఐసు సగం పొగైపోయింది. యంత్రం ఎదురుగానే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మళ్ళీ ఐసు నింపి, మెట్లెక్కి వార్డు అద్దం తలుపు దగ్గరికి వెళ్ళాడు. అవతల మంచం మీంచి ఆమె ఫోన్ చేసింది.

"పెట్టె వెళ్ళిందా బాబాయ్?"

"వెళ్ళిందమ్మా. ఈపాటికి గాల్లో ఉండుంటుంది."

ఆమె అద్దంలోంచి అతని మొహంలోకి చూసింది. "నీకు అబద్ధాలు అతకవు." ఆయాసం తీర్చుకుని, "ఐసు మార్చావా?" అంది.

"మార్చాను."

"మరింకేం. నేను లేచాక మన యంత్రంలోనే పెట్టి చూద్దాంలే" అని కళ్ళు మూసుకుంది.

పొద్దు వాలుతుండగా నర్సు కిందికి దిగొచ్చి, అతని పక్కన బల్ల మీద కూలబడింది.

"పోయిందా?" అన్నాడు.

"ఇందాకే బాబాయ్."

చాలాసేపటికి అతను లేచి, తొడుగులు వేసుకుని, పెట్టె మూత తీసి మళ్ళీ ఐసు పోశాడు. రేపైనా ఎవరైనా ఎక్కించుకుంటారేమో.

గది మూలన, ఆమె చివరిసారి వానలో తడిసొచ్చి ఆరబెట్టుకున్న గొడుగు, విప్పినది విప్పినట్టే ఉంది.