వరుసలో పెట్టిన ఆకు

1991 జూలై 9, మంగళవారం. ఆ ఉదయం గోదావరి రాత్రి మిగిలిన జొన్నరొట్టెను మజ్జిగలో విరుచుకుని, పల్లీల చట్నీతో తిన్నది. ఏడున్నరకల్లా భవాని పేట్ చివరి ధర్మాసుపత్రిలో, రోగులకు చీటీ రాసిచ్చే కేస్ పేపర్ కిటికీ తెరిచి, కార్బన్ కాగితాలు సర్దుకుంటోంది.

కిటికీ కింది అరుగు మీద మూడు రాళ్లు, ఒక్కో రాయి కింద ఒక తునికాకు. బీడీలు చుట్టే ఆడవాళ్లు కార్ఖానాకు పోతూ, వరుసలో తమ చోటుకు గుర్తుగా పెట్టిపోయినవి. అక్కడ సరుకు తనిఖీ చేసే చెకర్ వాళ్ల కట్టలు విప్పి, నచ్చని బీడీలు ఏరేసి, మర్నాటికి ఆకూ తంబాకూ ఇచ్చి పంపేసరికి పన్నెండు దాటుతుంది. ఇక్కడ పన్నెండుకు కిటికీ మూస్తారు. ఆ తర్వాత ప్యూన్ పెంటప్ప రాళ్లు పక్కకు నెట్టి, ఆకులు ఊడ్చేస్తాడు.

గోదావరికి నలభై ఒక్కేళ్లు. మగ్గం నేసినవాని బిడ్డ. రాత్రి కాలేజీలో బి.ఏ. చదివింది. పద్దెనిమిదేళ్లుగా ఈ కిటికీయే. రెండేళ్లుగా పోస్టులో పాఠాలు తెప్పించుకుని ఆసుపత్రి నిర్వహణలో పీజీ డిప్లొమా చదువుతోంది. ఆ పాఠాల్లోని ఆసుపత్రులకు లిఫ్టులుండేవి, రోగులకు ముందుగా ఇచ్చిన సమయాలుండేవి. చదువుతుంటే నవ్వొచ్చేది. అయినా పెన్సిలుతో గీతలు గీసుకునేది.

చివరికి, పనిచేసే చోట ఒక సమస్యను గమనించి నివేదిక రాయమన్నారు. ఆమె ఆకుల గురించి రాసింది. ఆకు పెట్టినవాళ్లు మూసిన కిటికీ చూసి వెనక్కి పోవడం, మూడు నెలల్లో అరవై మూడు సార్లు. పేర్లూ, వచ్చిన వేళలూ ఏడో పేజీలో ఉన్నాయి. నివేదిక మీద పెద్ద డాక్టరు సంతకం కావాలి. పోస్టు చేయడానికి ఈ రోజే ఆఖరు. సంతకం లేకపోతే రెండేళ్ల చదువు ఏమవుతుందో ఆమెకు తెలుసు.

పదింటికి డాక్టరు పిలిచాడు. అప్పటికే పెన్ను మూత తీసి ఉంది.

"మంచిగ రాసినవ్ గోదావరీబాయి. ఏడో పేజీ తీసెయ్, సంతకం పెడ్త."

"అది తీస్తే మిగిలేది అట్టలే గద సార్."

"నల్లా గురించి రాయరాదు? నీళ్లు వస్తలేవని. ట్రస్టీలకు గూడ కోపం రాదు."

"నల్లా కాడికెల్లి ఎవ్వలు వాపస్ పోలేదు సార్."

"ఆకులకు కేస్ పేపర్ ఇస్తరా యాడన్న? మనిషి నిలబడాలె."

"నిలబడే టైముంటే ఆకెందుకు పెడ్తరు సార్?"

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. "నాలుగింటిదాంక ఆలోచన చేస్కో. లేకుంటే రేపటి సంది రికార్డ్ రూంల కూసో."

"అండ్ల గూడ పేపర్లే ఉంటయి" అని ఆమె నివేదిక తీసుకుని వచ్చేసింది.

పన్నెండుకు పెంటప్ప చీపురుతో వచ్చాడు. "బాయీ, టైమ్ అయింది."

"నీ గడియారం జల్ది ఉరుకుతది పెంటప్పా."

"గోడకున్నది గూడనా?"

"అది గూడ. చీపురు అవతల పెట్టు."

అతనికీ ఉద్యోగం ముఖ్యమే. అయినా చీపురు వీపు వెనక పెట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

పన్నెండూ ఇరవైకి ఇద్దరు ఆడవాళ్లు ఆయాసపడుతూ వచ్చారు. గోదావరి ఇద్దరికీ పేపర్లు రాసింది. ఇంటికి బయలుదేరిన డాక్టరు వాళ్లను చూసి ఆగాడు. వెనక్కి పోయి, బ్యాగు కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. ఆ పాటి దయ ఆయనలో ఉందని ఆమె ఎప్పుడూ ఒప్పుకునేది.

మూడో ఆకు యల్లమ్మది. ఒంటిగంటయినా గోదావరి కిటికీ మూయలేదు. అప్పుడు యల్లమ్మ పక్కింటి ద్రౌపది వచ్చింది.

"యల్లక్క ఎన్కకున్నదా?" అని గోదావరి అడిగింది.

"రాదక్కా. కార్ఖాన్లనే పోయింది. మాల్ చూపెట్టి అరుగు మీద కూసున్నది. చెకర్ పేరు పిలిస్తే పల్కలే."

ద్రౌపది సంచిలోంచి ఖాళీ మందు సీసా తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. "మందుకని తెచ్చుకున్నది. ఇంటికి తీస్కపోతే పోరలు ఏడ్తరు. నీ కాడనే ఉండనియ్."

ఏడో పేజీలో యల్లమ్మ పేరు మూడు చోట్ల ఉంది. పన్నెండూ పది. పన్నెండున్నర. మళ్లీ పన్నెండూ పది.

నాలుగింటికి గోదావరి డాక్టరు గదికి పోలేదు. ఆయన సంతకం కోసం వదిలిన గీత మీద, తన గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఏడో పేజీ తీయనన్నందుకు సంతకం ఇవ్వలేదు. గోదావరి, కేస్ పేపర్ గుమాస్తా." పోస్టాఫీసుకు నడిచి, కవరు రిజిస్టరు చేయించి, తాళంచెవులు అప్పగించడానికి తిరిగి వచ్చింది.

"రేపు రికార్డ్ రూమేనా బాయీ?" అన్నాడు పెంటప్ప.

"కిటికీ కాడనే కూసుంట. ఎవరు లేపుతరో లేపనీ."

పొద్దు కుంకుతోంది. ఆమె మెట్లు దిగేదాకా ఆగి, పెంటప్ప చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు. లోపల గట్టు మీద యల్లమ్మ సీసా ఉంది, బూడిదతో తెల్లగా తోమి, మూతకు బదులు చీర అంచు ముక్క కుక్కి.