రెండో గీత

వాషింగ్ మెషీన్ ముట్టుకునే ముందు రబ్బరు చెప్పులు వేసుకోవడం మా ఇంటి ఆచారం. మూడేళ్ళ కిందట మొదటిసారి షాక్ కొట్టినప్పుడు నా భర్త శామ్యూల్ ఫోన్‌లోంచి తలెత్తకుండా అన్నాడు: "చెప్పులేసుకో హన్నా. ఎర్తింగ్ అడిగితే ఓనర్ ఖాళీ చెయ్యమంటాడు." ఆ చెప్పులు నా పాదాల కొలతవే. ఇంట్లో మరెవరికీ వాటి అవసరం రాలేదు.

బెంగళూరు మహదేవపురలోని ఒక ప్రయోగశాలలో నా ఉద్యోగం. కరెంటు ప్యానెళ్ళలోని రాగి పట్టీలకు షాక్ కొట్టకుండా మేము వేసే పూత, గీత పడితే తనంతట తానే మానుతుంది. అందులో కంటికి కనిపించని గుళికలుంటాయి. అవి పగిలితే లోపలి రసం కారి, గట్టిపడి రాగిని కప్పేస్తుంది. గాయం ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా మానడం చూసి నేనూ గర్వపడ్డాను. అందులో గర్వపడవలసినది ఏమిటని నన్ను నేను అడగలేదు.

నిన్న, మానిన చోటే మళ్ళీ గీశాను. గంట ఆగి మీటరు పెడితే కరెంటు బయటికి వస్తోంది. అక్కడి గుళికలు మొదటిసారే ఖాళీ అయిపోయాయి. తొమ్మిది పట్టీల మీద చూశాను; తొమ్మిదీ అంతే.

ఈరోజు ఆ సంగతి చెబితే మా హెడ్ పద్మనాభం గారు నవ్వారు. "స్పెసిఫికేషన్‌లో ఒక్క గీతే ఉండాది కదమ్మా. రెండోది గీయమని నిన్నెవరడిగినారు?" సాయంత్రంలోగా పరీక్ష నివేదికలో 'ఎన్నిసార్లు గీత పడినా మానును' అన్న వాక్యం కింద నా సంతకం కావాలన్నారు. నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం కూడా తన టేబుల్ మీదే ఉందని మెత్తగా గుర్తుచేశారు.

ఆ వాక్యాన్ని నమ్మి ఒక ఎలక్ట్రీషియన్ వట్టిచేత్తో పట్టీని ముట్టుకుంటాడు. ఆ తాకిడి మోచేతి దాకా ఎలా పాకుతుందో నాకు తెలుసు. శామ్యూల్‌కు ఫోన్ చేశాను.

"నీ బాధ ఎన్నాళ్ళుంటుంది? రెండ్రోజులు ముఖం మాడ్చుకుంటావు, తర్వాత నార్మల్ అయిపోతావు. సంతకం పెట్టెయ్."

మా అత్తగారు మార్త కూడా చర్చిలో అందరికీ చెబుతుంది, మా కోడలు ఏదీ మనసులో పెట్టుకోదని. పెళ్ళయిన ఈ ఏడేళ్ళుగా నాకూ గీత పడుతున్నది ఒకే చోట. అక్కడ ఇంకా ఏమైనా మిగిలి ఉందా అని నేనెన్నడూ చూసుకోలేదు. ఆ ఆలోచన ఉద్యోగం పోతుందన్న భయం కన్నా ఎక్కువగా భయపెట్టింది.

ఆ వాక్యాన్ని కొట్టివేసి, 'అదే చోట రెండోసారి మానలేదు' అని రాసి సంతకం చేశాను. ఆ కాగితాన్ని పద్మనాభం గారి టేబుల్ మీద పెట్టాను.

ఇంటికి వచ్చేసరికి బట్టలు మెషీన్ ముందు కుప్పగా ఉన్నాయి. ప్లగ్ పీకాను. చెప్పులు తెచ్చి శామ్యూల్ పాదాల ముందు పెట్టాను.

"ఇవి నీకు పట్టవు," అన్నాను. "ఎర్తింగ్ పెట్టించమని ఓనర్‌కు ఫోన్ చెయ్యి."