తాబేలు అలిగిన రోజు

ఫోన్ పెట్టేసి కొత్త కోడలు వంటింట్లోనే గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఈలోగా పాలు పొంగి స్టవ్ మీదికి కారాయి. కారితే కారనీ అనుకుంది. అపార్ట్‌మెంటు సెక్రటరీ ఒప్పుకున్నాడు మరి! రేపటి నుంచి పొద్దున పూట కింద పూల్‌లో ఆడవాళ్లకి ఈత నేర్పుకోవచ్చు. కాలేజీ జట్టులో ఈదిన రోజుల నుంచీ ఆమె మనసులో పెట్టుకున్న కోరిక అది.

"కానీ ఒక్క షరతమ్మా," అన్నాడాయన. బిల్డింగంతా ఆయన్ని షరతుల బాబాయి అనేది ఊరికే కాదు. "పొద్దున్నే నేనొచ్చి చూస్తా. అడుగున ఒక్క ఆకు కనపడిందా, క్లాసు లేదు."

అడుగు ఊడ్చే పని తాబేలుది. అంటే నీళ్ల అడుగున తిరుగుతూ చెత్త పీల్చుకునే యంత్రం. దాని వీపు నుంచి పొడుగాటి గొట్టం వెళ్లి పూల్ గోడలో ఉన్న పీల్చే మూతికి తగులుకుంటుంది. అవతల పంపు లాగుతుంటే ఇవతల ఇది టకటకమంటూ నడుస్తుంది. తాబేలని పేరు పెట్టింది ఆమె మొగుడు. పెళ్లయిన ఉత్సాహంలో ఇంట్లో దువ్వెనకి కూడా పేరు పెట్టాడు మహానుభావుడు.

ఇద్దరూ పరుగున కిందికి వెళ్లి చూస్తే తాబేలు ఓ మూల చతికిలబడి ఉంది. చుట్టూ ఆకులు. పంపు వేసినా కదల్లేదు, మెదల్లేదు.

"ఇది ఇవాళే అలగాలా!" అంది కోడలు.

"నువ్వు తప్పుకో, నేను చూస్తాగా," అంటూ మొగుడు స్క్రూడ్రైవర్ పుచ్చుకున్నాడు. అతను స్క్రూడ్రైవర్ పట్టాడంటే ఆమెకి గుండెల్లో రాయి పడుతుంది. మొన్న గోడగడియారం బాగుచేశాడు. అది ఇప్పుడు పళ్లెంలో ఉంది.

గొట్టం మధ్యలో ఉన్న చెత్త బుట్ట తీసి చూశారు. ఖాళీ. తాబేలుని పైకి లాగి తిరగేసి దాని మూతి చూశారు. అడ్డం ఏమీ లేదు. గొట్టానికి చిల్లేమో అని ముక్క ముక్కా విడదీసి అతను ఊదాడు, ఆమె అటు చివర అరచెయ్యి పెట్టింది. ఎక్కడా గాలి పోవడం లేదు.

"చెయ్యి చల్లగా తగులుతోందా?" అన్నాడు కన్ను కొడుతూ.

"సరసాలకి ఇదా సమయం!" అంది. నవ్వు మాత్రం ఆగలేదు.

వెనకే దిగొచ్చి గట్టున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అత్తగారు నిట్టూర్చింది. "ఎందుకర్రా ఈ తంటాలు? క్లాసు వచ్చే నెల పెట్టుకుంటే కొంపలు మునుగుతాయా?"

కోడలికి చిర్రెత్తింది. సెక్రటరీ ఒప్పుకోకముందే మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లకీ 'మా కోడలి క్లాసులో మొదటి పేరు నాదే' అని చాటింది ఈవిడే కదా!

మొగుడు గొట్టం ముక్కలు బిగించి పక్కన పెట్టి, ఊరుకోక తాబేలు పొట్ట విప్పడం మొదలుపెట్టాడు. తల ప్రాణం తోకకొచ్చి ఆమె నీళ్లకేసి చూస్తూ నిలబడింది. అప్పుడు కనపడింది. శుభ్రమైన నీళ్లు తిరిగొచ్చే కన్నంలోంచి బుడగలు బుడబుడమని వస్తున్నాయి. అంటే పంపు ఎక్కడో గాలి మింగుతోంది. వంగి గోడలోని పీల్చే మూతి దగ్గర చెవి పెట్టింది. కొబ్బరిబోండం అడుగంటాక గొట్టంతో పీల్చినట్టు గుర్రుమంటోంది.

"ఏవండీ, ఆపండి! దాని పొట్ట కుట్టెయ్యండి. రోగం దానికి కాదు, నీళ్లకి!"

నీళ్లు ఆ మూతి కంటే కిందికి దిగిపోయాయి. నిన్న నీలం పలకల వరస సగం మునిగి ఉంది. ఇవాళ పూర్తిగా బయటపడింది. పంపు గదిలోకి వెళ్లి చూస్తే, నీళ్లు బయటికి వదిలే కుళాయి కొంచెం తిప్పి ఉంది.

"ఎవరు తిప్పారిది?" బయటికొచ్చి గట్టిగానే అడిగింది.

"నీ మీద ఒట్టు, నేను కాదు," అన్నాడు మొగుడు, నోట్లో స్క్రూ పెట్టుకుని.

అత్తగారు కొంగు సర్దుకుంది. మళ్లీ సర్దుకుంది. "నేనేనే అమ్మాయ్. లోతు కాస్త తగ్గుతుందని... నడుం దాకా ఉంటే దిగగలననుకున్నా. అందరికీ గొప్పగా చెప్పేశానా, భయమని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"అమ్మా! రాత్రికి రాత్రి పూల్ మొత్తం తోడేద్దామనుకున్నావా!" అని కొడుకు పకపకా నవ్వాడు.

"మీరు ముందు స్క్రూలు లెక్క చూసుకోండి," అని కోడలు అతని నోరు మూయించింది.

కోపం వచ్చిన మాట నిజమే. సగం రోజు బూడిదలో పోసిన పన్నీరయింది. కానీ చీర అంచు వేళ్లకి చుట్టుకుంటూ కూర్చున్న ఆవిడని చూస్తే అది కాస్తా చల్లారింది. ఈత రావాలంటే ముందు భయం చెప్పుకోవాలి. రేపు వచ్చేవాళ్లలో ఇంకెంతమంది ఇలా దాచుకుని వస్తారో!

కుళాయి కట్టేసి, మొక్కలకి పట్టే పైపు తెచ్చి పూల్‌లో వదిలింది. నీలం పలకల మీదికి నీళ్లు ఎక్కేసరికి ఎండ తగ్గింది. గొట్టం తగిలించి తాబేలుని నీళ్లలో దింపి, పంపులో గాలి వదిలించి మళ్లీ వేస్తే, బుడగలు ఆగాయి. తాబేలు ఒక్కసారి వణికి, టకటకమంటూ ఆకుల మీదికి బయల్దేరింది. మొగుడు చప్పట్లు కొట్టాడు. అతని చేతిలో ఒక స్క్రూ మిగిలే ఉంది. ఆమె చూడనట్టు ఊరుకుంది.

"మరి నా సంగతి?" అంది అత్తగారు మెల్లగా. "పేరు కొట్టేస్తావా?"

"కొట్టెయ్యను అత్తయ్యా. రేపు మొదటి పాఠమే మార్చేస్తున్నా. ఎవరూ ఈదరు. అందరం పైమెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టి, ఎవరికి ఏం భయమో చెప్పుకుంటాం. మొదట మీరే చెప్పాలి. పొద్దున్నే తయారుగా ఉండండి, ఇద్దరం కలిసే దిగుదాం."