చర్మం డాక్టరమ్మ

గదిలో లైటు ఆర్పి, పిల్లి చెవి వెనక బొచ్చు రాలినచోట గిరిజ ఊదారంగు దీపం పట్టింది. గుండ్రటి మచ్చ అంచున వెంట్రుకలు పచ్చగా మెరిశాయి. తామర. పిల్లిని ఒళ్లో పెట్టుకున్నావిడ ముంజేతి మీదా అలాంటి మచ్చే ఉంది. మీరు కూడా డాక్టరుకు చూపించుకోండని ఇంగ్లీషులో చెప్పి, గిరిజ చేతులు కడుక్కుంది.

అమెరికాలో, చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లోని ఆ పశువుల ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఆమె పని ఇదే. తిరుపతిలో చదివిన చదువుకు ఇక్కడ మళ్లీ పరీక్షలు రాసి, రెండోసారికి గట్టెక్కింది. ఆపరేషన్లు మిగతావాళ్లు చేసేవారు. గజ్జి, పుండ్లు, దురదలు ఆమె గదికి వచ్చేవి. గీకి, గాజుపలక మీద రాసి, మైక్రోస్కోప్‌లో చూసేది. చూసింది చూసినట్టు చెప్పేది. కాస్త మెత్తగా చెప్పొచ్చు కదా అని భర్త మనోహర్ అప్పుడప్పుడూ అనేవాడు.

అది 2009 మార్చి. మధ్యాహ్నం మల్లికార్జునరావు అనే రిటైర్డ్ ఇంజనీరు తన ముసలి లాబ్రడార్‌ను తెచ్చాడు. దాని పొట్ట మీద ఎర్రటి గడ్డ పగిలి రసి కారుతోంది.

"దోమ కుట్టిందనుకున్నానమ్మా. రెండు నెలలుగా పసుపు రాస్తున్నా. మా ఆవిడ పెంచుకున్న కుక్క. ఆవిడ పోయాక మేమిద్దరమే."

గిరిజ గడ్డలోంచి సూదితో నమూనా తీసి, రంగు వేసి చూసింది. తర్వాత స్కాన్ చేసింది.

"క్యాన్సర్ అండీ. లివర్‌కి కూడా స్ప్రెడ్ అయింది."

"నొప్పిగా ఉంటుందా?"

"ఉంటుందండీ."

"మరి తోక ఊపుతోందిగా?"

"మిమ్మల్ని చూసి ఊపుతోంది."

ఆయన కుక్క చెవి నిమిరాడు. చివరికి, "ఇంక బాధ పెట్టొద్దు, నిద్రపుచ్చేయండి," అన్నాడు. తర్వాత, "నేను ముందే తెచ్చుంటే?" అని అడిగాడు.

ముందే తెస్తే గడ్డ కోసి తీసేసేవారు. బహుశా బతికేది.

"తేడా ఉండేది కాదండీ," అంది గిరిజ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

మందు ఎక్కుతుంటే కుక్క ఆయన మోచేతి మీద తల వాల్చి, ఒక పెద్ద ఊపిరి వదిలింది. గిరిజ స్టెతస్కోప్ పెట్టి విని, అయిపోయిందన్నట్టు తల ఊపింది. ఆయన మెడపట్టీ విప్పి జేబులో వేసుకుని బయటికి నడిచాడు. కారు కాసేపు కదల్లేదు. తర్వాత వెళ్లిపోయింది.

గిరిజ బల్ల తుడిచింది. ఆయన కూర్చున్న కుర్చీ కింద ఒక స్టీలు డబ్బా ఉండిపోయింది. మూత తీస్తే, కుక్క కోసం మెత్తగా పిసికి కలిపిన పెరుగన్నం.