బిళ్ల మోగిందా?

టింగ్.

గోటితో మీటితే బిళ్ల అలా మోగాలి. సన్నగా, చల్లగా... ఇత్తడి గిన్నె అంచున నీటిబొట్టు పడ్డట్టు.

పగులుంటే మోగదు. టప్‌మంటుంది. అంతే.

పిన్ని నేర్పిన విద్య అది. తల్లి పోయిన పిల్లను తెచ్చి పెంచిందీ, పిచ్చుకా అని పేరు పెట్టిందీ, ఈ ఫ్యాక్టరీలో మిల్లు దగ్గర పని ఇప్పించిందీ పిన్నే.

తెల్లటి సిరామిక్ బిళ్ల. బాగా వేడెక్కిస్తే గాలిలోంచి ఆక్సిజన్ ఒక్కటే అందులోంచి అవతలికి దాటుతుంది. రంధ్రం లేదు. సందు లేదు. రాయిలోంచి నడక!

"ఎలా పిన్నీ?" అని అడిగింది పిచ్చుక మొదటిరోజు.

"లోపల గళ్ళుంటాయే మొద్దూ. అన్నీ నిండి ఉంటే ఎవడూ కదల్లేడు. అందుకే పొడిలో ఇంకో పొడి కలిపి కొన్ని ఖాళీ చేస్తాం. పక్క గడి ఖాళీ అయితేనే ఇవతలివాడు జరుగుతాడు."

ఖాళీ అయితేనే.

పిచ్చుక ఆరేళ్ళుగా మిల్లు దగ్గర. డ్రమ్ములో గుళ్ళు దొర్లి పొడిని నూరే చోట. గడగడ... గడగడ... దిండు మీద తల పెట్టినా గడగడ. ఒకప్పుడు పిన్ని చెవులు తిన్నదీ ఆ మిల్లే.

పైన, కిటికీ పక్కన, పరీక్ష బల్ల ముందు ఒకటే కుర్చీ. అందులో పిన్ని. ఆమెకు సన్నటి మోత వినపడదని పిచ్చుక ఒక్కదానికే తెలుసు.

రోజూ పిచ్చుక బిళ్లల ట్రే పైకి తెస్తే పిన్ని మీటేది. పిచ్చుక మొహంలోకి చూసేది. "మోగిందా?"

పిచ్చుక రోజూ నిజమే చెప్పేది. ఈమధ్య మాత్రం, "ఇంకోసారి మీటు పిన్నీ," అనేది.

ఆ ఉదయం వచ్చింది కొనేవాళ్ళకు చూపించే బిళ్ల. పిన్ని మీటింది.

టప్.

"మోగిందా, పిచ్చుకా?"

కిటికీలోంచి లేత ఎండ. కుర్చీలో మెత్త. కింద గడగడ...

"గంటలా మోగింది పిన్నీ."

పిన్ని నవ్వింది. నమ్మింది.

వేడెక్కించి చూపిస్తుంటే, ఎనిమిది వందల డిగ్రీల దగ్గర, కొనేవాళ్ళందరి కళ్ళ ముందు, బిళ్ల రెండు ముక్కలైంది.

మేనేజరు పిన్ని చెవి వెనక చిటికె వేశాడు. తిరగలేదు. మళ్ళీ వేశాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

"ముప్పై ఏళ్ళుగా ఇక్కడ చేస్తున్న మనిషివి, గెంటేస్తే బాగోదు. మిల్లు దగ్గరికి పోమ్మా. ఇంక పోవడానికి నీకు చెవుల్లేవుగా!"

పిన్ని కిందికి దిగింది.

పిచ్చుక పైకి జరిగింది.

మెత్త మీద పిన్ని కూర్చున్న పల్లం అలాగే ఉంది. అందులో ఒదిగిపోయింది.

ఏడాది తిరిగింది.

ఫర్నేస్‌లోంచి తీసిన బిళ్లలు ట్రేలో పెట్టుకుని పిన్ని పైకి వచ్చింది. ట్రే దించింది. వెళ్ళలేదు.

పిచ్చుక మీటింది.

...

మళ్ళీ మీటింది. భోజనాల వేళ. మిల్లు ఆగే ఉంది. అయినా తలలో గడగడ...

పిన్ని ఆమె మొహమే చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత, మెల్లగా —

"మోగిందా, పిచ్చుకా?"

పిచ్చుక బిళ్లను చెవికి ఇంకాస్త దగ్గరగా తెచ్చుకుంది.

గోరు ఎత్తింది.