పదకొండో నెల

యోగానంద్ ఆ ప్లాన్ మార్పించి ఉండకపోతే లక్ష్మీపతి ముందు పన్ను ఈపాటికి నోట్లోనే ఉండేది. అక్క మొగుడు, పైగా వీసాకి స్పాన్సర్ చేయించిన మనిషి. ఆయన మీద ఎవరికని చెప్పుకుంటాడు? అమెరికాలో వాళ్ళుండే హెర్న్‌డన్‌లో సగం మంది తెలుగువాళ్ళు ఆయన్ని అడిగే కార్లు కొంటారు.

లక్ష్మీపతి అక్కడి ఇండియన్ స్టోర్‌లో సరుకు దించి అరల్లో సర్దుతాడు. భార్య సుబ్బులు అదే కొట్లో దోసెలు పోస్తుంది. ఆ కొట్లో పనివాళ్ళకి పళ్ళ ఇన్సూరెన్స్, కళ్ళ ఇన్సూరెన్స్ ఇవ్వరు. పై వరసలో ముందు పన్ను లోపల పుచ్చిందని తెలిసిన రోజున డాక్టర్ మందు పెట్టి మూసి, రూట్ కెనాల్ చేసి పైన క్రౌన్ తొడగాలంటే రెండువేల మూడువందల డాలర్లన్నాడు. గట్టివి కొరక్కుండా ఉంటే ఏడాది నెట్టుకురావచ్చన్నాడు. జనవరిలో లక్ష్మీపతి నెలకి నలభై ఒక్క డాలర్ల ప్లాన్ ఒకటి తీసుకున్నాడు. క్రౌన్‌కి పన్నెండు నెలలు వెయిటింగ్ పీరియడ్. ఆ గడువు దాటితే సగం ఖర్చు వాళ్ళదే.

ఆగుదాం అనుకున్నాడు. జంతికలు మానేశాడు. చెరుకు ముక్క కనిపిస్తే తల తిప్పుకున్నాడు. మరుసటి ఏడాది మార్చిలో అక్క కూతురు రచన పెళ్ళి. "మావయ్యా, నా వెడ్డింగ్‌కి నువ్వే క్లారినెట్ ప్లే చెయ్యాలి. డీజే వద్దు" అంది ఆ పిల్ల. అమెరికా వచ్చిన ఆరేళ్ళలో అతన్ని వాయించమని ఒకరు అడగడం అదే మొదలు. పై పళ్ళు ఆనించి పట్టకపోతే క్లారినెట్ నోట్లో నిలవదు. అందుకే ఆ పన్ను మీద అంత జాగ్రత్త.

రేపల్లెలో మస్తాన్ సాయిబు బ్యాండుకి తాళాలు కొట్టే మనిషి తక్కువైతే, ఏడో తరగతి చదువుతున్న లక్ష్మీపతిని బడి గోడ దగ్గర్నుంచే పిలుచుకుపోయారు. మళ్ళీ ఆ గోడ లోపలికి అతను పోలేదు. రెండేళ్ళకి క్లారినెట్ చేతికొచ్చింది. ఎర్ర కోట్లు, భుజాల మీద జరీ కుచ్చులు. ఎవడి కోటూ ఎవడికీ సరిపోయేది కాదు. పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు రెండు పక్కలా నడిచేవాళ్ళు. ఊరేగింపు మలుపు తిరగ్గానే సాయిబు చెయ్యెత్తేవాడు. డ్రమ్ములు ఆగేవి. క్లారినెట్ ఒక్కటే వీధి పొడుగునా పోయేది. మిద్దెల మీద పడుకున్నవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. పువ్వుల కారులో ఉన్న పెళ్ళికొడుకుని పట్టించుకునే నాథుడుండేవాడు కాదు. భోజనాలు మాత్రం ఆఖరి పంక్తిలోనే. అప్పటికి గారెలు అయిపోయేవి, సాంబారు అడక్కుండానే పోసేవాళ్ళు.

"పళ్ళు జాగ్రత్తరా అబ్బాయ్. నా డ్రమ్ము చిరిగితే తోలు మార్పిస్తా. నీ పన్ను ఊడితే ఏం మార్పించను?" అనేవాడు సాయిబు, తిన్నాక వేపపుల్ల చేతిలో పెట్టి.

నవంబరులో ఒక ఆదివారం అక్క పద్మిని భోజనానికి పిలిచింది. యోగానంద్ తన ఆఫీసు ఇన్సూరెన్స్ ఎంచుకోవడానికి లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. పనిలో పనిగా లక్ష్మీపతిదీ చూశాడు.

"ఏవయ్యా, నలభై ఒకటి ఎందుకు తగలేస్తున్నావ్? ఇదిగో, ముప్పై ఏడుకే డెంటల్, విజన్ రెండూ ఇస్తున్నాడు. కళ్ళజోడు కూడా వస్తది."

"నాకు పదకొండో నెల నడుస్తోంది బావగారూ. జనవరిలో క్రౌన్ వేయించుకోవాలి."

"అదీ దీంట్లో ఉంది. క్రౌన్, యాభై శాతం. ఏడు ప్లాన్లు పక్కపక్కన పెట్టి కంపేర్ చేశానయ్యా, ఊరికే చెప్తానా?"

"అన్నయ్యగారు అంత చూశాక ఇంకేంటండీ" అంది సుబ్బులు. పప్పు ప్యాకెట్ల మీద తేదీ కనిపించక ఆమె ఆర్నెల్లుగా అవస్థ పడుతోంది.

పాతది ఆపేసి, డిసెంబరు ఒకటి నుంచి కొత్త ప్లాన్. మొగుడూ పెళ్ళాల కళ్ళజోళ్ళు రెండూ పది రోజుల్లో వచ్చాయి. వాటికి వెయిటింగ్ లేదు.

జనవరిలో క్లినిక్‌కి వెళ్తే కౌంటర్లో ఉన్న తార అనే అమ్మాయి కంప్యూటర్ చూసి మెల్లగా చెప్పింది. "అంకుల్, ఇది డిసెంబర్‌లో స్టార్ట్ అయింది. క్రౌన్‌కి వచ్చే డిసెంబర్ దాకా ఆగాలి."

"పాతదాంట్లో పదకొండు నెలలు కట్టానమ్మా."

"వీళ్ళు పాతది కౌంట్ చెయ్యరు అంకుల్." స్క్రీన్ అతని వైపు తిప్పింది. కొత్త కళ్ళజోడులోంచి పన్నెండు అన్న అంకె చక్కగా కనిపించింది.

ఆ సాయంత్రమే బావ ఇంటికి వెళ్ళాడు.

"నా ఆఫీసు ప్లాన్‌లో వెయిటింగ్ అన్న మాటే లేదయ్యా. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చూళ్ళేదు. అన్నిటికీ అంతే అనుకున్నా" అన్నాడు యోగానంద్. మళ్ళీ తనే, "వీసాకి పదమూడేళ్ళు ఆగినోడివి, పన్నుకి ఇంకో ఏడాది ఆగలేవా? లేదంటే ఇండియా వెళ్ళి కట్టించుకో" అన్నాడు.

"టిక్కెట్టు పదహారువందలు బావగారూ. సెలవు పెడితే కొట్లో ఉద్యోగం ఉండదు."

"నేనిస్తాలేరా క్రౌన్‌కి" అంది పద్మిని.

"వద్దక్కా."

ఆరేళ్ళ కిందట వాళ్ళు కొనిపెట్టిన చలికోటు సంగతి ఆ ఇంట్లో ఇప్పటికీ ప్రతి విందులోనూ వస్తుంది. పన్ను కూడా ఇచ్చారంటే, నవ్వినప్పుడల్లా వాళ్ళకి లెక్క చెప్పాలి.

ఫిబ్రవరిలో పంటి చిగురు వాచింది. డాక్టర్ పీకెయ్యాలన్నాడు. పీకడానికీ ఆర్నెల్లు ఆగాలట కొత్త ప్లాన్‌లో. చేతి డబ్బు రెండువందల నలభై కట్టి పీకించుకున్నాడు.

ఇంటికొచ్చి క్లారినెట్ మూతి మీద పెట్టుకున్నాడు. ఖాళీలోంచి గాలి పోయింది. మేక అరిచినట్టు ఒక్క కూత వచ్చింది. వంటగదిలో సుబ్బులు పొయ్యి కట్టేసి ఇవతలికొచ్చింది.

"నువ్వన్నా ఆరోజు వద్దనకపోతివే" అన్నాడు అతను.

"నాకేం తెలుసండీ" అంది.

పెళ్ళికి డీజేని పెట్టారు. రచన వచ్చి చెయ్యి పట్టుకుని, "ఇట్స్ ఓకే మావయ్యా" అంది. యోగానంద్ ఒక మూల నిలబడి మగపెళ్ళివారికి ఏ ఫోన్ ప్లాన్ మంచిదో చెబుతున్నాడు. లక్ష్మీపతి నోరు తెరవకుండా నవ్వి, ప్లేటు తీసుకుని మొదటి వరసలోనే నిలబడ్డాడు. గారెలు వేడిగా ఉన్నాయి. నోరు పక్కకి పెట్టి కొరికాడు.

పాత ప్లాన్‌కి పదకొండు నెలలు కట్టింది నాలుగువందల యాభై ఒకటి, పీకించుకోవడానికి రెండువందల నలభై. పన్ను కాక, పోయినవి ఆరువందల తొంభై ఒక్క డాలర్లు.